అన్నం తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర

పెనుకొండ బస్టాండులో నా భార్య రత్నమ్మ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. తీసుకోబోయి, కుడి చెయ్యి లేవక, దానివైపే చూస్తూ ఉండిపోయింది. ఏమైందని అడిగితే మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకు పోయింది. ధర్మవరంలో ఆమె చెల్లెలి మనవరాలికి నామకరణం చూసుకుని హిందూపురం తిరిగొస్తున్నాం. అంబులెన్సులో హిందూపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చాను.

అంతకు రెండు నెలల ముందు మోకాళ్ల నొప్పికి చూపిస్తే, డాక్టరు ఆమెను బరువు తగ్గమన్నారు. ఎలా తగ్గాలో నేను అడగలేదు. ఫోనులో నాలుగు వీడియోలు చూసి, ప్రొటీన్ ఎక్కువ, కార్బోహైడ్రేట్ తక్కువ ఉండే డైట్ ఒకటి నేనే తయారు చేశాను. పత్రికాఫీసు డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. పట్టిక గీసి, పైన ఎర్ర సిరాతో 'అన్నం బంద్' అని హెడ్డింగు పెట్టి వంటింట్లో అతికించాను. దాని కింద గుడ్లు, కోడికూర, పనీరు, చెనిక్కాయలు (వేరుశనగలు), ఆకుకూరలు. రాగిసంగటి కూడా వద్దన్నాను. గుడిబండ దగ్గర సంగటి తిని పెరిగిన మనిషి, ఎదురు చెప్పకుండా ఒప్పుకుంది.

ఆరు కిలోలు తగ్గింది. మధ్యలో తలనొప్పి అంటే, ఒళ్లు అలవాటు పడేదాకా అంతేనని వీడియోలో విన్న మాటే చెప్పి, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు రోజుకు రెండుసార్లు తాగించాను. ఆమెకు ఎనిమిదేళ్లుగా బీపీ ఉందని నాకు తెలియక కాదు.

నామకరణం భోజనాల్లో బొబ్బట్లు వడ్డిస్తుంటే ఆమె చెల్లెలు ఆటపట్టించింది. "ఏమక్కా, ఓళిగ ముట్టకుండా చెనిక్కాయలు నములుతాండావు. బావ నిన్ను మేకను చేసినాడా?" అందరితో పాటు నేనూ నవ్వాను. ఆరు కిలోలని గొప్పగా చెప్పుకున్నాను.

ఆసుపత్రిలో బీపీ 210/120 ఉంది. సీటీ స్కాన్ తీసి, మెదడులో ఎడమవైపు క్లాట్ ఉందని, ఇది స్ట్రోక్ అని చెప్పారు. "బీపీ ట్యాబ్లెట్ ఎప్పుడు ఆపేశారు?" అని డాక్టరు అడిగారు. ఆపలేదని నేనే జవాబిచ్చాను. మంచం మీది నుంచి రత్నమ్మ ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది:

"అన్నం తిన్నాక వేసుకోమన్నారు కదా సార్. అన్నం యాడ తింటాండా?"

శనివారం ఒక్కపొద్దు ఉన్నప్పుడు ఆమె ఉప్మానో పండో తింటుంది. దాన్ని అన్నం తినడం అనదు. అన్నం తినని రోజు మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతాయని భయం. మా వైపు సంగటి తిన్నా అన్నం తిన్నట్టే, గుడ్లు ఎన్ని తిన్నా కాదు. నా పట్టిక ఆమెకు రెండు నెలల ఒక్కపొద్దయింది. ఆమె బరువు రోజూ చూసి రాసుకున్నాను, మాత్రల డబ్బా ఒక్కసారీ తెరిచి చూడలేదు.

మింగడం రాక మూడు రోజులు ముక్కులో ట్యూబు పెట్టారు. డైట్ సంగతీ ఉప్పు నిమ్మనీళ్ల సంగతీ చెప్పి, వాటి వల్లే ఇలా అయిందా అని డాక్టరును అడిగాను. "డైటా, ఉప్పా, ట్యాబ్లెట్ మానడమా అంటే విడదీసి చెప్పలేను. మానకుండా ఉండాల్సింది" అన్నారు.

మాట కాస్త సాఫీ అయ్యాక, నన్నొక్క మాట అడగకపోయావా అన్నాను. "చదువుకున్నోడివి, తెలిసే రాసింటావనుకున్నా" అంది.

పట్టిక చించేశాను. ఇప్పుడు అక్కడ 'పొద్దున ఎనిమిది గంటలు: బీపీ మాత్ర' అని ఉంది. చదివేవారికి ఒక్కటే చెబుతాను. తిండి మార్చే ముందు, వేసుకుంటున్న మాత్రలన్నీ సంచిలో పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఏది ఎన్ని గంటలకో రాయించుకోండి.

రత్నమ్మ కర్ర సాయంతో నడుస్తోంది. సంగటి తింటోంది. కుడిచేతి వేళ్లకు ముద్ద చేయడం రావడం లేదు. ఎడమచేత్తో తినడానికి ఒప్పుకోదు కాబట్టి నేనే తినిపిస్తాను. ఆ వేళ్ల సంగతి ఆరు నెలల్లో తేలుతుందని ఫిజియోథెరపీ చేసే ఆమె చెప్పింది. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది.