మిరపకాయల మీద దిగబోయిన విమానం

ముహర్రక్‌లో మా ఇంటి మేడమీద బట్టలు ఆరేస్తుంటే, గాలి విమానాశ్రయం వైపు నుంచి తిరిగిన రోజున కిరసనాయిలు లాంటి వాసనొకటి తడి బట్టల్లోకి ఎక్కుతుంది. ఈ గల్ఫ్ దేశంలో ముప్పై ఒక్క ఏళ్ల ఏడు నెలలు నర్సుగా పనిచేసి, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్న నాకు, ఆ వాసనతో మా ఊరి మున్సిపాలిటీ విమానాల మైదానం గుర్తొస్తుంది.

మైదానమంటే ఒక తారు దారి, గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డ సంచి, ఒక రేకుల గది. నెలకు రెండో మూడో చిన్న విమానాలు వచ్చేవి, పైర్లకు మందు చల్లేవో, ఏ మిల్లు యజమాని సొంతానివో. మా నాన్న అక్కడ కావలి. మిగతా రోజుల్లో ఆ దారి ఊరి ఆడవాళ్లది. మాఘం వెళ్లి ఎండలు ముదిరితే ఈ కొస నుంచి ఆ కొస దాకా మిరపకాయలు ఆరబోసేవారు. ఆ ఎర్రటి బారుల మధ్య సందుల్లో కళ్లు మండుతున్నా దొంగాట ఆడి, సాయంత్రం నీళ్లు పోసుకునేటప్పుడు ఒళ్లంతా మళ్లీ మండితే కేకలు పెట్టి, ఆ వెంటనే పండుమిరప పచ్చడితోనే అన్నం తినేవాళ్లం.

విమానం వస్తుందంటే ముందురోజే ఆఫీసు నుంచి చీటీ వచ్చేది. నాన్నకు చదువు రాదు. నేను చదివి చెబితే, ఆయన వాడంతా తిరిగి కాయలు తీయించేవాడు.

నాకు పదేళ్ల నాలుగు నెలలప్పుడు, ఒక సోమవారం, తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద ఉండగా చీటీ వచ్చింది.

"ఆఫీసరుగారూ, ఏం రాశారో కాస్త చూడండి" అంటూ నాన్న ఎప్పటిలాగే దాన్ని నాకు అందించాడు.

కాలు దించకుండా చివరి పంక్తి మాత్రం చూసి, "బుధవారం" అన్నాను. బుధవారం అది తిరిగి వెళ్లే రోజు. వచ్చేది మంగళవారమని పై పంక్తిలో ఉంది.

మంగళవారం పదిన్నరకు విమానం నెత్తిమీదికి వచ్చేసింది. ఆడవాళ్లు గోనెసంచులతో పరుగెత్తారు. పక్కింటి కోటమ్మ పిన్ని చీపురు ఊపుతూ, "నీ దుంపతెగ, దిగితే నా కాయల మీదే దిగాలటే" అని దాన్ని కోడిని అదిలించినట్టు అదిలించింది. అది మూడు చుట్లు తిరిగి, దిగకుండానే వెళ్లిపోయింది. అందరితో పాటు నేనూ నవ్వాను.

సాయంత్రం మున్సిపాలిటీ మేనేజరు వచ్చి, నాన్న దగ్గర చీటీ తీసుకుని పైకి చదివాడు. నాన్న నావైపు ఒక్కసారి చూశాడు.

"నేనే మరిచిపోయానండి" అన్నాడు.

వారం తిరక్కుండా ఆయన్ని మురుగుకాలవల పనికి మార్చారు. మైదానంలో కాయలు ఆరబోయడం మాన్పించారు. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఇంటికి ఏ కాగితం వచ్చినా, నేను అరుగుమీదే ఉన్నా, బజారులో దర్జీ దగ్గరికి తీసుకెళ్లి చదివించుకునేవాడు. ఆఫీసరుగారూ అని మళ్లీ పిలవలేదు.

ఇప్పుడు ఇక్కడ హూరాలో మా తెలుగు ప్రార్థన కూడికకు వచ్చే పిల్లలు వీసా కాగితాలు చూడమని నాకిస్తారు. మొదటి పంక్తి నుంచి రెండుసార్లు చదువుతాను. "ఒకసారి చాలదా అమ్మా, డ్యూటీకి టైమైపోతోంది" అని విసుక్కుంటారు.

ఆ తారు దారిని తవ్వి ఇళ్ల స్థలాలు చేశారట. కోటమ్మ పిన్ని లేదు, నాన్న లేడు. ఇక్కడి నుంచి ఆయనకు నెలకు రెండు చొప్పున పదిహేడేళ్లు, నాలుగు వందల ఎనిమిది ఉత్తరాలు రాశాను. సెలవుకు వెళ్లినప్పుడల్లా ఎదురుగా కూర్చుని కూడా అడగలేని క్షమాపణ, కనీసం కాగితం మీదైనా పెడదామనుకునేదాన్ని. పెట్టలేదు. వాటిని ఆయనకు చదివి వినిపించేది దర్జీ.