సైకిలుకు గ్యాసు దీపం పెట్టించిన ఏడు

పెళ్ళయిన కొత్తలో మేము ధవళేశ్వరానికి మూడు మైళ్ళ దిగువన, కాలువ పక్క ఊళ్ళో కాపురం ఉన్నాం. నేను మిషను బడిలో మేష్టర్ని. మా ఆవిడ మిషను ఆసుపత్రిలో పురుళ్ళు పోసే పని నేర్చుకుని వచ్చింది. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళకు ఆవిడ ఒక్కర్తే.

బడి చూసే దొర సీమకు వెళ్ళిపోతూ తన పాత సైకిలు నాకు ఇచ్చి వెళ్ళాడు. దానివి గాలి కొట్టే టైర్లు కావు, గట్టి రబ్బరు చుట్టలు. గట్టు మీద తొక్కితే పళ్ళు కదిలేవి. వెనక ఒక చెక్క బిగించి, ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని పిలిచిన ఊరికల్లా తీసుకెళ్ళేవాణ్ణి. ఆడమనిషి సైకిలెక్కడం ఏంటని మా సంఘపు పెద్ద ఒకాయన మొహం మీదే అడిగేశారు.

"బండి కట్టేదాకా నొప్పులు ఆగవు కదండీ," అంది మా ఆవిడ.

సైకిలుకు ముందర అరచేతిలో పట్టేంత నూనె దీపం ఉండేది. కొబ్బరినూనె పోసి, వత్తి ఎగదోసి వెలిగించేవాణ్ణి. రెండు గతుకులు పడితే వత్తి నూనెలోకి జారిపోయేది. గాలి వీస్తే సరేసరి.

ముసురు పట్టిన ఒక సాయంత్రం, పొలం పనులకు వెళ్ళే కుటుంబం నుంచి పిలుపొచ్చింది. మైలు వెళ్ళామో లేదో దీపం ఆరిపోయింది. అగ్గిపెట్టె తడిసిపోయింది. చీకట్లో గడ్డిబండి ఒకటి గట్టుకు అడ్డంగా నిలిపి ఉంటే దానికి గుద్దుకుని ఇద్దరం పడ్డాం. సంచిలో మందుసీసా పగిలింది. సైకిలు నడిపించుకుంటూ, కాలితో దారి వెతుక్కుంటూ చేరేసరికి అంతా అయిపోయింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ మా ఆవిడ, "ఏమండీ, ఆ దీపం మార్చండి," అంది.

మర్నాడు బడి వదలగానే ధవళేశ్వరం వెళ్ళాను. అక్కడ లాకుల తలుపులు బాగుచేసే ఫిట్టరు గారు ఒకాయన నాకు తెలుసు. అరవై దాటిన మనిషి. నా నూనె దీపాన్ని చూసి నవ్వారు.

"ఇది దేవుడి గూట్లో పెట్టుకోడానికి బావుంటుందండి మేష్టారూ. సైకిలుకు పనికిరాదు."

లోపలికి వెళ్ళి చొట్టలు పడ్డ ఇత్తడి దీపం ఒకటి పట్టుకొచ్చారు. ఎవరో ఇంజినీరు దొర వాడి పారేసిన గ్యాసు దీపమట. కింది గిన్నెలో కార్బైడు రాళ్ళు, పై గిన్నెలో నీళ్ళు. నీళ్ళు ఒక్కొక్క చుక్కగా రాళ్ళ మీద పడితే గ్యాసు పుట్టి ముందు గొట్టంలో మండుతుంది.

"రాళ్ళు మద్రాసు నుంచి తెప్పించాలి. కొట్టువాడికి ఇంగ్లీషులో ఉత్తరం మీరే రాయండి. మిగతాది నేను చూసుకుంటాను," అన్నారు.

రాళ్ళు రైల్లో వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఫిట్టరు గారు ఊరుకోలేదు. పాత దీపం కొక్కెం ఈ ఇత్తడి బరువుకు వంగిపోతుందని, సైకిలు మెడకు ఇనుపపట్టీ కొట్టి బిగించారు. గతుకులకు మంట ఆరకుండా, విరిగిన తూకం కాటాలోంచి రెండు స్ప్రింగులు తీసి దీపానికీ పట్టీకీ మధ్య పెట్టారు. అవి కిరకిరలాడకుండా తోలుముక్క చుట్టారు. చివరికి రాళ్ళు చేరాక, అగ్గిపుల్ల గీసి గొట్టం దగ్గర పెడితే టప్పుమని శబ్దం వచ్చింది. నేను నాలుగడుగులు వెనక్కి గెంతాను. ఆయన కదల్లేదు.

"చూడండి ఇప్పుడు."

తెల్లటి వెలుగు. ఎదురుగా ఉన్న గోడ మీద ఇటుకలు లెక్కపెట్టొచ్చు.

పది రోజులకే ఆ దీపానికి పని పడింది. కడియం వైపు ఒక రైతు ఇంటి నుంచి దీపాలు పెట్టే వేళకు మనిషి వచ్చాడు. తొలి కాన్పు, పొద్దుట్నుంచి నొప్పులు. వెంటనే బయల్దేరాం. గట్టు మీద కప్పలు పక్కకు గెంతడం కూడా కనిపిస్తోంది. అంత ధైర్యంగా నేనెప్పుడూ తొక్కలేదు.

సగం దారిలో మంట చిన్నదైపోయింది. ఆగి చూస్తే పై గిన్నె అతుకు దగ్గర కారి నీళ్ళన్నీ పోయాయి. పక్కనే కాలువ ఉంది కానీ అందులోవి ఎర్రటి ఒండ్రునీళ్ళు. పోస్తే గొట్టం పూడిపోతుందని నేను తటపటాయిస్తుంటే, మా ఆవిడ కొంగు నాలుగు మడతలు వేసి గిన్నె మూతి మీద పట్టుకుంది.

"పోయండి. మెల్లిగా."

దోసిలితో పోశాను. ఆవిడ సంచిలోని సబ్బుముక్క నలిపి అతుక్కి అద్దాను. మంట కొంచెం కొంచెంగా లేచి మళ్ళీ తెల్లబడింది.

ఆ ఇంట్లో పురిటి గదిలో ఒక్క ఆముదం దీపమే ఉంది. మా ఆవిడ లోపలికి వెళ్ళిన కాసేపటికి కిటికీలోంచి పిలిచింది. "ఏమండీ, నాకేమీ కనబడటం లేదు. ఆ దీపం ఊడదీసి కిటికీ దగ్గర పట్టుకోండి. మీరు అటు తిరిగి నిలబడండి."

మరలు ఊడదీసి, తడిగుడ్డ చుట్టి, గది వైపు వీపు పెట్టి, వెలుగు లోపలికి పడేటట్టు దీపాన్ని భుజం మీద పట్టుకున్నాను. అది వెల్లుల్లి వాసన కొడుతోంది. గుడ్డలోంచి కూడా చేతికి వేడి తగులుతోంది. నా ఎదురుగా అరుగు మీద ఆ ఇంటి పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఏంటి నాయనా ఈ వాసన? దీపమా, మందా?"

"దీపమేనండి."

"కొంచెం పైకెత్తండి," అంది లోపల్నుంచి మా ఆవిడ. ఎత్తాను. "ఇంకొంచెం ఎడమకు." జరిపాను. పెద్దావిడ నా మొహంలోకే చూస్తోంది. నాకు లోపల ఏం జరుగుతోందో తెలియదు, తిరిగి చూడటానికి లేదు. బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకుని ఉండటం వెలుగులో కనిపించి, వేళ్ళతో దాన్ని తప్పించానని మా ఆవిడ తర్వాత చెప్పింది.

బిడ్డ ఏడ్చింది. ముందు సన్నగా, తర్వాత ఇల్లంతా వినబడేటట్టు. పెద్దావిడ లేచి వచ్చి నా రెండో చెయ్యి పట్టుకుంది. ఆడపిల్లో మగపిల్లాడో కూడా అడగలేదు. నేను దీపం దించొచ్చా అని అడిగితే లోపల్నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. ఎన్నో వారాల తర్వాత విన్నాను ఆ నవ్వు.

అరచెయ్యి బొబ్బలెక్కింది. అది మానేదాకా నాకు హేండిలు పట్టుకోవడం కష్టమైంది. రెండు రోజులు చూసి మా ఆవిడ అంది: "మీ చెయ్యి బాగోకపోతే పిలుపులు ఆగవు కదా. నాకు తొక్కడం నేర్పండి."

మర్నాడు బడి వదిలాక, ఆటస్థలం గేటు వేసి, నేను సీటు పట్టుకున్నాను. ఆవిడ చీర బిగించి కట్టి ఎక్కింది.