తడి గోనె కప్పిన సిలిండరు

మొన్న మే నెలలో టెక్కలి రోడ్డు మీద స్కూటీకి గాలి కొట్టించుకుందామని ఆగాను. షాపాయన టైరు నొక్కి చూసి, "కొంచెం తక్కువే కొడతాను మేడం, ఎండకి లోపల గాలి ఉబ్బిపోతాది" అన్నాడు. సరేనని అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను, మళ్లీ లేవలేకపోయాను. వడదెబ్బ అనుకున్నాడో ఏమో, పాపం, ఎవరినో కేకేసి మజ్జిగ తెప్పించాడు. తాగాను. ఎండకి గాలి ఉబ్బుతుందన్న ముక్క నాతో మొదటిసారి అన్నవాడు మా అన్నయ్య. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

అన్నయ్య టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేవాడు. నేను చదివింది తెలుగు. "నీ పద్యాలకి గణాలుంటాయి, నా గాలికి నియమాలుంటాయి, మనిద్దరివీ లెక్కలే" అని వేళాకోళమాడేవాడు. వాయువుల పాఠం వచ్చిన వారం మా ఇంట్లో సామాను ఇంట్లో ఉండేది కాదు. సైకిలు పంపు, పెట్రోమాక్సు లైటు, ఆఖరికి అమ్మ కుక్కరు కూడా బస్సెక్కి కాలేజీకి పోయేవి. పప్పు ఉడకక అమ్మ సణిగేది. పంపు మూతికి వేలు అడ్డం పెట్టించి నొక్కమనేవాడు. చోటు తగ్గేకొద్దీ గాలి ఎంత గట్టిగా తంతుందో వేలికే తెలియాలట, అదే బాయిల్ నియమమట. పూండి వైపు జాలరి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకి పంపు అక్కర్లేదనేవాడు. లోతులోంచి గబుక్కున లాగిన చేపకి కడుపులోని గాలితిత్తి ఉబ్బి లోపలిది నోట్లోకి తన్నుకురావడం వాళ్లు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కింద నీటి బరువుకి అణిగిన గాలి, పైకొచ్చాక ఆ బరువు లేక విప్పారుతుంది. ఒకడు లేచి, "అయితే మాస్టారూ, మా అయ్యకి బాయిలు తెల్సన్నమాట" అన్నాడట. ఆ మాట అన్నయ్య మాకు ఏడాదిపాటు చెప్పి నవ్వాడు.

సెలవు రోజుల్లో ట్యూషను మా ఊళ్లోనే, మా వరండాలోనే. ముందు జీడిపిక్కలు ఆరబోసిన వాకిలి, వెనక కొబ్బరి తోట. "మూసేసిన డబ్బాలో గాలికి చోటు మారదు. వేడెక్కితే ఒత్తిడి పెరుగుతాది, చల్లారితే తగ్గుతాది. గాలి మాత్రం ఎంతదంతే, ఎక్కడికీ పోదు" అని కోరస్‌గా చెప్పించేవాడు. పిల్లలు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునేవారు. వంటింట్లో కూరగాయలు తరుగుతూ వదినా నేనూ కూడా పెదవులు కదిపేవాళ్లం. అర్థం ఎవరికి కావాలి, పాటలా ఉండేది.

ఆ తర్వాత మా ఉద్దానంలో ఇంటింటికీ వచ్చిన కిడ్నీ జబ్బే మా ఇంటికీ వచ్చింది. ఇది ఎందుకు వస్తోందో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. నీళ్లన్నారు, ఎండన్నారు, మందులన్నారు. బస్టాపులో ఎదురైన ఇద్దరు మనుషులు బాగున్నావా అనడం మానేసి, క్రియాటినిన్ ఎంతుందని అడిగే రోజులవి. అన్నయ్య కాళ్లు వాచాయి, ముఖం వాచింది, తర్వాత ఊపిరితిత్తులకి నీరు చేరడం మొదలైంది. డయాలిసిస్‌కి విశాఖపట్నం పోవాలి. ఒక విడతకీ మరో విడతకీ మధ్య ఊపిరి అందక అల్లాడేవాడు. వాయువుల గురించి అంత చెప్పిన మనిషికి ఆఖరికి గుప్పెడు గాలి కరువైంది. దేవుడి మీద నాకు నమ్మకం పోయింది ఆ రోజుల్లోనే. ఇంకా తిరిగి రాలేదు.

పలాస డాక్టరు ఒక ఆక్సిజన్ సిలిండరు ఇప్పించి, ఇంట్లో సిద్ధంగా ఉంచమన్నాడు. ఆయాసం వస్తే పెట్టాలి, పెట్టి, సిలిండరు తెచ్చిన జీపులోనే విశాఖ తీసుకుపోవాలి. ఇచ్చిన షాపువాళ్లు ఒత్తిడి చూపే మీటరు బిగించి, గొట్టం వైపు మర మాత్రం కట్టేసి పంపారు. మీటరు సూది దిగిపోతే గాలి అయిపోయినట్టే, చూసుకోండి అన్నారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో టాపు లేని జీపులో వచ్చింది ఆ బండ. దింపేటప్పుడు డ్రైవరు చెయ్యి చురుక్కుమంది. అతను అన్నయ్య దగ్గర చదివినవాడే. సూది ఎక్కడుందో అతనూ వదినా చూసి గుర్తు పెట్టుకున్నారు.

మా అమ్మకి విలువైనదేదైనా తడి గోనెలో ఉండాలి. పుట్టిల్లు సముద్రం ఒడ్డున, చేప చెడకుండా తడి గోనె కప్పే ఊళ్లో పెరిగింది. మా ఇంట్లో తమలపాకులు, మునగకాడలు, చుట్టాల కోసం తెచ్చిన సోడాలు, అన్నీ తడి గోనె కిందే. "కొడుకు పీల్చాల్సిన గాలి, ఇంత వేడెక్కిపోతే పాడైపోదేటి?" అని వరండా నీడలో బండకి గోనెసంచులు చుట్టి, చెంబుతో నూతి నీళ్లు పోస్తూ కూర్చుంది. అన్నయ్య లోపల కాస్త నిద్రపోతున్నాడు. ఎవరమూ వద్దనలేదు. ముచ్చటగా కూడా అనిపించింది.

కాసేపటికి వదిన కంగారుగా పిలిచింది. మర తిప్పనే లేదు, సూది గుర్తు కిందకి జారింది. డ్రైవరు వంగి చూసి, "నిజమే మేడం, కారిపోతన్నట్టుంది" అన్నాడు. అమ్మ బెదిరిపోయి ఇంకో రెండు చెంబులు పోసింది. సూది ఇంకాస్త దిగింది. ఇక ఎవరికీ అనుమానం లేదు. పరామర్శకి వచ్చినవాళ్లలో అన్నయ్య శిష్యులు ఇంకా ఉన్నారు. ఓటి బండ అంటగట్టారని వాళ్లూ తిట్టారు. గాలంతా పోకముందే మార్చుకొస్తానని డ్రైవరు దాన్ని జీపులో వేసుకుని పలాస వెళ్లిపోయాడు. సెల్‌ఫోన్లు ఇంకా మా ఊరికి రాలేదు. జీపు రైలు గేటు దాటిందంటే ఇక పిలవడానికి దారి లేదు.

అన్నయ్య ఆయాసంతోనే లేచాడు. సిలిండరేదని చేత్తో అడిగాడు. కారిపోతోందని, మార్చడానికి పంపామని చెప్పాను. వరండాలో తడి నేల, గోనెసంచులు కిటికీలోంచి కనబడుతున్నాయి. వాటినే చూశాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలోకి నవ్వు వచ్చింది, క్లాసులో మొద్దు జవాబు విన్నప్పటి నవ్వు.

"కారలేదే," అన్నాడు. కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "చల్లారింది. గాలి ఎంతదంతే."

అప్పుడు అర్థమైంది నాకు, అన్నేళ్లు పెదవులతో పాడిన పాఠం. మాట్లాడొద్దు అన్నయ్యా, దణ్ణం పెడతాను అన్నాను. వదిన వీపు రాస్తోంది. అమ్మ వాకిట్లో నిలబడి జీపు కోసం రోడ్డు చూస్తోంది. అన్నయ్య నా చెయ్యి దగ్గరికి లాక్కుని, "అమ్మకి సెప్పకే" అన్నాడు. అంతే. ఆ రెండు ముక్కల తర్వాత ఆయన ఇంక మాటల మీద గాలి ఖర్చు పెట్టలేదు. పీల్చడానికే చాలలేదు. చుట్టూ తోటంతా ఈదురుగాలి, కొబ్బరి మట్టలు కొట్టుకుంటున్నాయి, ఆయనకి మాత్రం దొరకలేదు. వదిన ఒళ్లోనే పోయాడు.

జీపు పొద్దువాలకముందే వచ్చింది. డ్రైవరుకి లోపలి సంగతి తెలియదు. "సబ్బు నురగ పూసి సూసినారు మేడం, లీకేటీ లేదంట. ఇదే తీసుకుపొమ్మన్నారు" అంటూ దిగాడు. అంత దూరం ఎండలో వచ్చిన బండ మళ్లీ కాలిపోతోంది. సూది పైకి, ముందున్న చోటికే వచ్చేసింది. నేను దాన్ని కాలితో తన్నాను. వేలు గోరు లేచిపోయింది, నొప్పి మర్నాటి దాకా తెలియలేదు.

గాలి పెట్టినా ఎంతసేపు ఆగేవాడో చెప్పలేమని డాక్టరు తర్వాత అన్నాడు. ఆ మాట పట్టుకుని బతకాలని చూశాం. వదిన మాత్రం ఆ వరండాలో మళ్లీ కూర్చోలేదు.

అమ్మకి ఎనభై దాటాయి. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి చెబుతుంది: "ఓటి బండ ఇచ్చి నా కొడుకుని సంపేసినారమ్మా, ఆల్ల చేతులు పడిపోను." చెప్పి, నిజమా కాదా అన్నట్టు నా వైపు తిరుగుతుంది. అవునమ్మా అంటాను. ఏ పాపమూ ఎరగని ఆ పలాస షాపువాళ్లని ఆమెతో కలిసి నేనూ ఇన్నేళ్లుగా తిడుతున్నాను. కాలం గడిచేకొద్దీ తగ్గుతుందని అప్పట్లో అందరూ నాతో అన్నారు. కాలం గడిచింది, అంతే.