రంగు వేయని గాజుబిళ్ల

ధర్మవరంలో పట్టుదారానికి రంగులద్దే పని నాది. మా ఆయన పోయాక కూడా అదే పని. నాకు సంతకం వరకే వచ్చు. రంగంటే కంటికి కనబడాలి, ఉతికితే పోకూడదు, నాకు తెలిసింది అంతే. అందుకే బెంగళూరులో పెద్ద చదువు చదివే నా కూతురు తను తయారుచేసే రంగు గురించి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు.

మన ఒంట్లో కంటికి ఆనని కణాలుంటాయట. వాటి లోపల సన్నటి పోగుల్లాంటివి ఉంటాయట. నా బిడ్డ చేసే రంగు బతికున్న కణంలోకి దూరి, కణాన్ని చంపకుండా, ఆ పోగులను మాత్రమే పట్టుకోవాలట. మామూలుగా నీళ్లలా ఉంటుందట, ఊదా దీపం వేస్తేనే నీలంగా మెరుస్తుందట.

"కనబడంది రంగెట్లయితాదే?" అన్నాను.

"నువ్వుండుమా," అంది.

ఒకసారి ముఖం వేలాడేసుకొని వచ్చింది. కణాలు పెంచే గాజుబిళ్లలకు రంగు వేస్తే మెరుస్తున్నాయి సరే, రంగు వేయని బిళ్ల కూడా మెరుస్తోందట. మెరిసేది నీ రంగేనని ఎట్లా నమ్మాలి అన్నాడట వాళ్ల సారు. నెలలో తేల్చకపోతే మూడేళ్ల పని అక్కడికి ఆపేయాలి. నేనేం చేయగలను? ఎప్పటిలాగే దాని తెల్లకోటు, గాజు తుడిచే బట్టలు మల్లెపువ్వుల్లా ఉతికి, మడతపెట్టి రైలెక్కించాను. పెనుకొండ దాటేదాకా ఏడ్చిందని తర్వాత చెప్పింది.

వారం తిరక్కముందే దారం అప్పజెప్పడానికి అంగడికి పోయాను. దొంగనోటు కాగితమైతే మెరిసి పట్టిచ్చే ఊదా దీపం కొత్తగా పెట్టాడు షావుకారు. నా తెల్లచీర కొంగు దాని కింద పడి నీలంగా వెలిగిపోయింది.

"ఏమక్కా, నువ్వు నోటయ్యింటే దొంగనోటని పక్కన పెట్టేసుందును!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ కొంగుకు నేను ఏ రంగూ వేయలేదే! నేరుగా ఫోను బూత్‌కు పోయి కూతురికి చెప్పాను.

"మా, నా బట్టలు దేంతో ఉతుకుతాండావు?"

"తెల్లగా రావల్లని మంచి సబ్బుపొడితోనే పాపా."

"తెల్లగా కనబడేదానికి దాంట్లో మెరిసే మందు కలుపుతారు మా. ఆ బట్టలతోనే బిళ్లలు తుడుస్తాండా."

"అంటే నీ పని చెడగొట్టింది నేనా?"

"అవును... కాదు... ఉండుమా, చూసి చెప్తా!"

నెల కాకముందే రెండు ఫోటోలు తెచ్చింది. ఒకదాంట్లో చీకట్లో చిక్కుపడిన నీలం పోగులు.

"ఇది బతికే ఉండాదా?"

"ఫోటో తీసేటప్పుడు ఉండింది."

రెండోది ఉత్త నలుపు. అది సబ్బుపొడి తగలని బట్టతో తుడిచిన, రంగు వేయని బిళ్లట. పోగుల ఫోటో కంటే ఆ నలుపునే నాకు మళ్లీ మళ్లీ చూపించి మురిసిపోయింది. పని సాగించమన్నాడట సారు.

ఇప్పుడు దాని బట్టలు ఉత్త నీళ్లలోనే జాడిస్తున్నాను. కోటు మాసిన రంగుకు తిరిగింది. దాన్ని అట్లాగే మడతపెట్టి బిడ్డ చేతికిస్తుంటే సిగ్గుగా ఉంటుంది. అది మాత్రం వాసన చూసి, "బాగుండాదిమా," అంటుంది.