బద్లీ పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో బద్లీ లేని మనిషంటూ ఉండేవాడు కాదు. ఎవరైనా పనికి రాలేకపోతే వాళ్ళ బదులు నిలబడేవాడే బద్లీ. రైల్వే వర్క్‌షాపులో ఖలాసీకి ఒక బద్లీ, పాలవాడికి ఒక బద్లీ. పురోహితుడికి జ్వరం వస్తే ఆయన బావమరిది వచ్చి సగం మంత్రాలతో వ్రతం కానిచ్చేసేవాడు, ప్రసాదం మాత్రం పూర్తిగా పట్టుకెళ్ళేవాడు. ఇప్పటి వాళ్ళు ఫోను పాడైతే ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చుంటున్నారు గానీ, మాకు మనిషి రాకపోయినా పని ఆగేది కాదు. అంత గొప్ప పద్ధతి నన్నొక్కణ్ణే ఎలా ముంచిందో చెబుతాను.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు, అక్షరం ముక్క రాదు. మలంచా పేటలో బస్సు టికెట్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్ గది తుడిచే పని. (చల్లటి గది కాబట్టి అవసరానికి మించే తుడిచేవాణ్ణి.) అక్కడి బెంగాలీ ఇంజనీరును మేం ఏసీ బాబు అనేవాళ్ళం. మనిషి కనిపిస్తే "దరజా బంద్ కరో" అని తలుపు మూయించడమే ఆయన పలకరింపు. గదిలో రెండు సర్వర్లుండేవి. టికెట్ల డేటాబేస్‌ను ఒకటి నడిపేది, రెండోది ఖాళీగా కూర్చునేది. కూర్చున్నదానికి కరెంటు ఎందుకు దండగ అని అడిగాను. ఆయన రెండింటి మధ్య ఉన్న తీగ చూపించాడు. "ఇది గుండె చప్పుడు. మొదటిది కొట్టుకుంటూ ఉంటుంది, రెండోది వింటూ ఉంటుంది. చప్పుడు ఆగిందా, మొదటిది చచ్చిందనుకుని రెండోది పని అందుకుంటుంది. టికెట్ కొనేవాడికి తెలియనే తెలియదు" అన్నాడు హిందీలో. "అంటే బద్లీ కదా దాదా" అన్నాను. ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ రోజు నుంచి ఆఫీసంతా దాన్ని బద్లీ అనే పిలిచింది.

మా ఊళ్ళోనే పూరీ గేట్ పేటలో ఒక అమ్మాయి ఉండేది. వీధి కుళాయి దగ్గర వరస తప్పి దూరిన వస్తాదులాంటి ఆడమనిషిని నోరు విప్పకుండా ఒక్క చూపుతో వెనక్కి పంపింది. అది చూశాక, చేసుకుంటే ఈమెనే అనుకున్నాను. అమ్మానాన్నలు పోయిన నన్ను పెంచింది మా మేనత్త. ఆవిడ ఎలాగో మాట కలిపి ఆదివారం పెళ్ళిచూపులు కుదిర్చింది. పిల్ల మేనమామ విజయనగరం నుంచి వచ్చి సాయంత్రం బండికే వెళ్ళిపోతాడు, కాబట్టి రోజు మార్చడానికి లేదు. సరిగ్గా అదే ఆదివారం ఏసీ బాబు, "మొదటిది ఆపి చూస్తాను, బద్లీ లేస్తుందో లేదో. నువ్వు వాటి దీపాలు చూడాలి" అన్నాడు. నాకు వెంటనే ఉపాయం తట్టింది. మా అత్త కొడుకు, నా ఈడువాడే, బీడీల కొట్టు నడిపేవాడు.

"బావా, నానొచ్చే దాకా నా కుర్సీలో నువ్వు కూకో. నానొస్తే లెగిసిపో."

"ఏటి మాటాడాల్రా?"

"ఏటీ మాటాడకు. ఎవులైనా అడిగితే బద్లీనని సెప్పు."

ఆదివారం ఏసీ బాబు మొదటి సర్వర్‌ను ఆపాడు. బద్లీ చక్కగా లేచింది. ఆయన ఆనందంలో మొదటిదాన్ని తిరిగి లేపబోతూ మధ్య తీగను కాలితో తన్నాడు. రెండింటికీ ఆకుపచ్చ దీపం వెలిగింది. "రెండూ బతికే ఉన్నాయి దాదా, ఇక నేను పోనా" అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. తీగ ఊడితే చప్పుడు వినపడదట. అది చచ్చిందని ఇదీ, ఇది చచ్చిందని అదీ అనుకుని, రెండూ యజమానులై టికెట్లు అమ్మేస్తాయట. ఒకే సీటు ఇద్దరికి పోతుందట. ఎవరు ఆగాలో తేల్చడానికి మూడో ఓటు ఒకటి ఉండాలట, కంపెనీ అది కొననివ్వలేదట. అదంతా సర్దేసరికి దీఘా బస్సులో ఒకే కిటికీ సీటు ఇద్దరికి అమ్ముడైపోయింది. నేను సైకిలు తొక్కిన తొక్కుడుకు చైను రెండుసార్లు ఊడింది.

వెళ్ళేసరికి బావ నా కుర్చీలో కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు. మేనమామ మొహం వెలిగిపోతోంది.

"ఎవురయ్యా నువ్వు?" అన్నాడు నన్ను చూసి.

"పెళ్ళికొడుకునండి."

"మరీయనెవురు?"

"బద్లీ అండి."

"తెలుసయ్యా. బదిలీల ఉజ్జోగమని ఆయనే సెప్పినాడు. పర్మినెంటోడికే గదా బదిలీలు. మంచి సంబందం."

(తెలుగు బదిలీకి ఊరు మారుతుందనీ, ఖరగ్‌పూర్ బద్లీకి మనిషి మారతాడనీ విజయనగరం ఆయనకు ఎవరు చెప్పాలి?)

"బావా, లెగు."

"ఉండ్రా, టీ వేడిగా ఉంది."

"అత్తా, నువ్వైనా సెప్పవే."

అత్త జంతిక నములుతూ కిటికీలోంచి రోడ్డు చూసింది. కన్నకొడుకు కూర్చున్న కుర్చీ ఏ తల్లి లాగుతుంది?

ఇద్దరం నేనంటే నేనని అరుచుకుంటుంటే పిల్ల నాయనమ్మ విసుక్కుంది. "ఓలమ్మా, నా కళ్ళకి ఇద్దరూ ఒకనాగే అవుపిస్తన్నారు. నువ్వే సెప్పే" అంది. ఆ అమ్మాయి గడపలోకి వచ్చి నిలబడింది. ఏసీ బాబు దగ్గర లేని మూడో ఓటు ఈ ఇంట్లో ఉంది.

"కూకున్నాయన ఇందాకటి నుంచీ మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పులు ఇంటన్నాడు. ఈయన వచ్చిన కాడి నుంచీ కుర్సీ కోసం తగువాడతన్నాడు. నాకు కూకున్నాయనే సాలు."

"ఆడిది బీడీల కొట్టు. పర్మినెంటు కాదు" అన్నాను.

"ఉజ్జోగాన్నా నాను సేసుకునేది?"



అలా నేను మనసు పడ్డ పిల్ల బావ భార్య అయి, వరసకు నాకు చెల్లెలైపోయింది. పెళ్ళిలో బావ పక్కన తోడు పెళ్ళికొడుకుగా కూర్చోవలసిన ఐదేళ్ళ పిల్లాడు బాజాలకు జడుసుకుని తల్లి కొంగు వదల్లేదు. "ఎవులో ఒకులు కూకోండి, ముహూర్తం దాటిపోతంది" అన్నాడు పురోహితుడు. పందిరంతా నా వైపు చూసింది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. గుబురు మీసం, దాని పక్కన బుగ్గచుక్క, నుదుట బాసికం. పిల్లాడి కోసం వేసిన బుల్లి పీట మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒకడు కూర్చుని ఉంటాడు. అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే వాడొక్కడే వీపు నిటారుగా పెట్టి తిన్నగా కెమెరాలోకి చూస్తుంటాడు, పెళ్ళికొడుకు పీట మీదికి ఎవరైనా ఇప్పుడే పిలుస్తారేమో అన్నట్టు. ఎవరూ పిలవర్రా నాయనా, లేచి భోజనానికి పో అని చెప్పాలనిపిస్తుంది.