ధూళి అని చెప్పాను

ఆ ఏళ్లలో బళ్లారిలో తెల్ల కోటు నెల తిరక్కముందే ఇటుక రంగుకు తిరిగేది. గనులు జోరుగా నడుస్తున్న కాలం. తోరణగల్లు దారిలో లారీలు ఒకదాని వెనక ఒకటి, తెంపు లేకుండా. వాటి మీద నుంచి రాలిన ఖనిజం గాలికి లేచి మా పక్కబట్టల్లోకి, నీళ్ల బిందెల్లోకి, పిల్లల చెవుల్లోకి చేరేది. ఎర్రగా ఏది కనబడినా మేము రెండోసారి చూసేవాళ్లం కాదు, చేత్తో దులిపేసేవాళ్లం. నా తప్పు ఆ అలవాటులోనే పుట్టింది. అలాగని నెపం దాని మీద వేసి తప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

నేను పళ్ల డాక్టర్ని. హగరి ఏటి పక్కన మాకు పొలాలుండేవి. అవి అమ్మిన డబ్బుతో మా చిన్నాన్నలు లారీలు కొన్నారు, నేను క్లినిక్ పెట్టాను. కొత్తగా డబ్బు చూసినవాళ్లు ఒక్కరోజులో కదలని పళ్లు కావాలని వచ్చేవారు. ఆ పని నేర్చుకోవడానికి బెంగళూరులో ఏడాది శిక్షణలో చేరాను. నెలకు నాలుగు రోజులు. దవడ ఎముక కరిగిపోయినవాళ్లకు చెంప ఎముకలోకి పొడవాటి మరల్లాంటి ఇంప్లాంట్లు దించడం అందులో మొదటి సగం. రెండో సగం కోసం నేను చేరలేదు. జబ్బుకో ప్రమాదానికో ముఖంలో కొంత పోగొట్టుకున్నవాళ్లకు సిలికాన్‌తో కన్ను, ముక్కు, చెంప చేసి, ఎముకలో దించిన ఇంప్లాంట్లకు అయస్కాంతాలతో నిలబెట్టడం.

అది నేర్పింది అరవై దాటిన ఒక మేడమ్. మొదటి నెల నాలుగు రోజులూ మా చేత గాజు పలక మీద చర్మం రంగులు కలిపించింది తప్ప మరేం చేయనివ్వలేదు. నా చెయ్యి తొందరగా కుదిరింది. ఒకరోజు నా పలక ఎత్తి అందరికీ చూపించింది. ఆ మెప్పు నా తలకెక్కింది. ఆమె మరొకటి కూడా చెప్పేది. సిలికాన్ ముఖం తీసిన ప్రతిసారీ లోపలి గుంతను కడిగి, లైటు వేసి, అంచు చుట్టూ వేలితో తడిమి చూడాలి. అనుమానమొస్తే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలి. "క్యాన్సర్‌కు కోసిన చోటు గుర్తుంటుంది. మనం చేసే ముఖం దానికి మంచి మూత," అనేది. నోట్సులో రాసుకున్నాను.

శిక్షణ పూర్తవాలంటే సొంతంగా ఒక మనిషికి మొదటి నుంచి చివరిదాకా పని చేసి, ఫోటోలు బెంగళూరులో హాల్లో అందరికీ చూపించాలి. నాకు కూరెకుప్పలో ఒకాయన దొరికాడు. లారీ నడిపి బతికినవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. పై దవడలో క్యాన్సర్ వస్తే ఎడమ కన్ను, చెంప, అంగిలిలో సగం తీసేశారు. అంగిలికి పెట్టిన ప్లేటుతో మాట వచ్చేది. ముఖానికి మాత్రం ఎప్పుడూ తువ్వాలే. లారీ బుకింగు ఆఫీసులో కూర్చునే పని ఇస్తామన్నారు గానీ, తువ్వాలు కట్టుకున్నవాడి ఎదుట నిలబడి మాట్లాడేదెవరు?

"ఒక హెడ్‌లైటు పోయింది డాక్టరప్పా. ఇంగొకటి ఉండాదిలే," అన్నాడు మొదటిరోజు. "ముందర బంపరు ఒక్కటి ఏసిస్తివంటే రోడ్డు మీదికొస్తా."

కనుబొమ్మ ఎముకలో ఇంప్లాంట్లు దించి, మానడానికి నెలలు ఆగి, ముఖం చేశాను. కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ గుచ్చాను. పెట్టిన రోజు ఆయన భార్య దూరం నుంచి చూసి, దగ్గరికొచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏందే, కొత్త మొగుణ్ణి చూసినట్టు చూస్తాండావు?"

"పాతోనికన్నా ఈయప్పే బాగుండాడు. ఇట్లే ఉండనీ."

ఆయన బుకింగు ఆఫీసులో కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను ప్రతి కోణం నుంచీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను.

హాల్లో చూపించడానికి పది రోజులుందనగా చివరి ఫోటోల కోసం పిలిపించాను. ముఖం తీసి చూస్తే గుంత లోపలి అంచున, గోరంత మేర, ఎర్రటి మచ్చ. గరుకుగా, తడిగా ఉంది.

"ఈడ కొంచెం జోము పట్టినట్టు ఉండాది," అని పై పెదవి తాకి చూపించాడు. జోము అంటే మా వైపు తిమ్మిరి.

దూదితో మచ్చను తుడిచాను. దూదికి ఎరుపు అంటింది. ఆ ఎరుపు ఏమిటో తెలిసే చదువే నేను చదివింది. కానీ ఇప్పుడు ముక్క కోస్తే అక్కడ పుండవుతుంది, వాస్తుంది, ముఖం సరిగ్గా కూర్చోదు, ఫోటో చెడుతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో తట్టాయి.

"ధూళి," అన్నాను. "ఆఫీసులో కూర్చుంటాండావు కదన్నా, లోపలికి పోయి మెత్తుకుంటాంది. అక్కా, రెండు పూటలా ఉప్పునీళ్లతో బాగా కడుగు."

ఆమె తలూపింది. ఇద్దరూ నమ్మారు. మా ఊళ్లలో ఆ మాట నమ్మనివాళ్లు ఉండరు.

బెంగళూరులో నా వంతు వచ్చింది. ఫోటోలు పెద్ద తెర మీద పడుతుంటే హాలంతా మెచ్చుకుంది. వెనక వరుస నుంచి మేడమ్ లేచింది.

"లోపలి అంచున ఆ ఎరుపేమిటి?"

"మా ఊరి ధూళి మేడమ్. మా దగ్గర దేవుళ్లు కూడా ఎర్రగానే ఉంటారు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"పరీక్షకు పంపావా?"

"పంపాను. ఏమీ లేదని వచ్చింది."

ఆ అబద్ధం ముందుగా అనుకున్నది కాదు. నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆమె నన్ను కాసేపు చూసి కూర్చుంది. చప్పట్లు కొట్టారు.

ఇంటికి వస్తూనే ఆయన్ని పిలిపించాలని రైల్లో అనుకున్నాను. పిలిపించలేదు. ముక్క కోసి పంపితే ఫలితం వస్తుంది. అది చెడ్డదైతే, పంపానని చెప్పిన అబద్ధం బయటపడుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ మచ్చ గురించి తలచుకోవాలంటేనే భయం వేసేది. ఫోను మోగితే ఆయనేమోనని ఉలిక్కిపడేవాణ్ణి. ఆయన కాకపోతే బాగానే ఉన్నట్టుందని సర్దుకునేవాణ్ణి. అలా రెండు నెలలు గడిచాయి.

పిలవకుండానే వచ్చాడు. ముఖం నిలవడం లేదు. కింద నుంచి ఏదో తోస్తున్నట్టు ఒక పక్క లేచి ఉంది. తీశాను. నెత్తురు కారింది. ఈసారి ముక్క పంపాను. క్యాన్సర్ తిరగబెట్టిందని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆయన బెంగళూరు పెద్దాసుపత్రికి వెళితే, ఇప్పుడు కోయడానికి వీలు కాదన్నారు. రెండు నెలల ముందు వచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్లమన్నారట. ఆ మాట ఆయనే నాకు ఫోన్లో చెప్పాడు.

ఒక మధ్యాహ్నం కూరెకుప్ప వెళ్లాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తువ్వాలు మళ్లీ వచ్చింది.

"డాక్టరప్పా, ఒకటి అడుగుతా. ఫోటోలు తీసిన దినం నీకు కనపళ్లేదా? కనపడి చెప్పలేదా?"

చాలా మంది రోగుల ఎదుట మాట తిప్పేసినవాణ్ణి. ఆ రోజు తిప్పలేకపోయాను.

"కనపడిందన్నా. ఫోటో చెడిపోతాదని ఊరుకున్నా. పరీక్ష చేయించినానని బెంగళూరులో అబద్ధం గూడా చెప్పినా."

ఆయన ఒంటి కన్ను నా మీదే ఉంది. బయట లారీ ఒకటి గేరు మార్చుకుని పోయింది.

"నాకు చెప్పి ఏం లాభమప్పా. నేను పోయేటోణ్ణి. మా ఇంట్లో ఆయమ్మకు చెప్పు పో. తాను సరిగ్గా కడగలేదనే ఇట్లయిందని దినామూ ఏడుస్తాంది."

పెరట్లో ఆమె కట్లు కట్టే గుడ్డలను వేడినీళ్లలో ముంచుతోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"రెండు పూటలా కడిగినా డాక్టరప్పా. ఒక్క పూటా తప్పలేదు."

"నీ కడగడంలో తప్పు లేదక్కా."

"అయితే అది ధూళి కాదా?"

"కాదు."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

ఆమె గుడ్డ పిండి తీగ మీద వేసింది. ఇంకొకటి తీసింది.

"నొప్పి అంటాన్నా ఇడవలేదు నేను," అంది. "ఓర్చుకో, డాక్టరప్ప చెప్పినాడు అని గట్టిగా రుద్దినా."

పొమ్మనలేదు, కూర్చోమనలేదు. గుడ్డలన్నీ ఆరేసేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.