పర్వాలేదమ్మ కాఫీ మెషిన్ కొన్న వైనం

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్షిస్తుంది. వెనక వైపు చీకటిగా ఉండే గదిలో, కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు ఒకటొకటిగా మారుస్తూ "ఇదా? ఇదా? ఏది తేటగా ఉంది?" అని అడగడమే ఆమె పని. ఎంత నస పెట్టేవాళ్ళు వచ్చినా విసుక్కోదు. "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అని నీళ్ళు నమిలేవాళ్ళతో "తొందరేం లేదు, కళ్ళు ఓసారి మూసుకుని మళ్ళీ చూడండి" అంటుంది. దుకాణంలో ఇంకో ఇద్దరు పరీక్షకులు ఖాళీగా ఉన్నా, ముసలివాళ్ళంతా ఆమె కోసమే కాచుకుని కూర్చుంటారు.

ఇంట్లో మాత్రం "ఇదా, అదా?" అని ఆమెను ఎవరైనా అడిగితే జవాబు ఒక్కటే: "ఏదైనా పర్వాలేదు." కర్టెన్లు ఏ రంగువి? ఏదైనా పర్వాలేదు. సెలవులకి కొండకా, సముద్రానికా? ఎక్కడికైనా పర్వాలేదు. విని విని ఆమె మరిది "పర్వాలేదమ్మ" అని పేరు పెట్టేశాడు. ఆ పేరు చుట్టాలందరికీ పాకింది. ఆమె కూడా నవ్వుతూనే పలికేది. నిజం చెప్పాలంటే అందులో ఆమె పడ్డ కష్టమేమీ లేదు. భర్త డ్రైవింగ్ నేర్పే మాస్టారు. రోజంతా పక్క సీట్లో కూర్చుని "ఎడమకి తిప్పు, గేరు మార్చు, అద్దం చూడు" అని చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాక కూడా ఆయన నోరు ఊరుకోదు. ఒకరికి చెప్పడం ఇష్టం, ఒకరికి సరేననడం ఇష్టం. సంసారం సాఫీగానే సాగింది.

దుకాణం ఎదురుగా సందు మొగలో ఒక చిన్న కాఫీ కొట్టు ఉండేది. ఏళ్ళ తరబడి పనిలోకి వెళ్ళేముందు ఆమె అక్కడ ఆగేది. కొట్టు పెద్దాయన ఆమెను చూడగానే "ఎప్పటిదేనా అమ్మా?" అనేవాడు. "ఎప్పటిదే బాబాయ్" అనేది. ఆయన గింజలు గరగరలాడించి, పిడి బిగించి, ఆవిరి బుస్సుమనిపించి కప్పు చేతికిచ్చేవాడు. ఒకరోజు ఆయన, మోకాళ్ళు ఇక నిలబడనివ్వడం లేదని చెప్పి, కొట్టు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా అక్కడ ఫోన్ల కవర్లు అమ్మే దుకాణం వెలిసింది.

మర్నాటి నుంచి ఆమె ఇంట్లోనే సీసాలోని పొడిని వేడినీళ్ళలో కలుపుకోవడం మొదలుపెట్టింది. మొదటిరోజు రెండు గుటకలు తాగి మొహం చిట్లించింది.

"ఎలా ఉందమ్మా?" అంది కాలేజీకి తయారవుతున్న కూతురు.

పర్వాలేదు అనబోయి, ఆమె ఆగింది. "దరిద్రంగా ఉంది" అంది.

కూతురు జడ వేసుకోవడం ఆపేసింది. షూ తొడుక్కుంటున్న భర్త ఒక కాలికే షూతో అలాగే తలెత్తి చూశాడు. ఆ ఇంట్లో ఆమె నోట అలాంటి మాట ఎవరూ విని ఎరగరు.

"అయితే మెషినే కొనేద్దాం" అన్నాడు ఆయన తేరుకుని. "గింజలు అదే పొడి చేసుకుని, అదే కాఫీ దించే చిన్న మెషిన్లు వస్తున్నాయిట. నేను చూసి పెడతా."

"మీరెందుకు నాన్నా? మీరు తాగేది పాలూ పంచదారే. అందులో కాఫీ చూపించి తీసేస్తారు. తాగేది అమ్మ, ఎంచుకునేది కూడా అమ్మే."

"నేను కాదన్నానా? అమ్మే ఎంచుకుంటుంది. నేను ఊరికే పక్కన కూర్చుంటా."

"మీరు పక్కన కూర్చుంటేనే అందరికీ చెమటలు పట్టేది."

వాళ్ళ వంటగది ఇరుకు. సింకుకీ ఫ్రిజ్‌కీ మధ్య మిగిలిన గట్టు జానాబెత్తెడు. దాని మీద సామాన్ల అలమర. మెషిన్ అంతలోనే ఇమడాలి. కూతురు ఒక పాత అట్టపెట్టెను సరిగ్గా ఆ కొలతకు కోసి, అంచులకు టేపు వేసింది. ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. ఆ ఖాళీ పెట్టెను చంకన పెట్టుకుని మాస్టారు ముందు నడిచాడు.

ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణంలో ఒక గోడ పొడుగునా కాఫీ మెషిన్లే. అక్కడ పనిచేసే అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది.

"మీరు రోజూ ఏం తాగుతారు మేడమ్?"

"ఎప్పటిదే" అంది ఆమె.

ఆ అమ్మాయి కళ్ళు మిటకరించింది. "అంటే... పాలు ఎక్కువగానా, తక్కువగానా? లైటా, స్ట్రాంగా?"

ఆమె ఆలోచించింది. పెద్దాయన కప్పులో ఏం పోసేవాడో, ఎంత పోసేవాడో ఆమెకు నిజంగానే తెలియదు. అన్నేళ్ళుగా తాగుతున్నదాని పేరు కూడా తెలియదు. చెవులు వేడెక్కాయి. "చూసి చెప్తానమ్మా" అంది.

ఈలోగా మాస్టారికి ఒక మెషిన్ నచ్చేసింది. అది అన్నిటికంటే పెద్దది. ముందు వెలిగే తెర, చుట్టూ మీటలు, బాణం ముల్లున్న గుండ్రటి మీటరు. మీట నొక్కగానే లోపలి గ్రైండరు గర్జించింది. అటు టీవీల దగ్గరున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

"పికప్ చూశావా!" అన్నాడు ఆయన మురిసిపోతూ.

కూతురు అట్టపెట్టెను దాని పక్కన పెట్టింది. ఏనుగు పక్కన దూడలా ఉంది.

"కాస్త వంచితే పట్టేస్తుంది" అన్నాడు మాస్టారు.

"ఏది వంచాలి నాన్నా? మెషిన్నా, అలమరనా?"

"దీనికి నీళ్ళ తొట్టి పైకి లాగి తియ్యాలి సార్" అంది దుకాణం అమ్మాయి. "పైన అలమర ఉంటే, నీళ్ళు పోసిన ప్రతిసారీ మొత్తం ముందుకు లాక్కోవాలి." ఆయన ఆ మీటరును ఒకసారి ఆప్యాయంగా నిమిరి వదిలేశాడు.

పెట్టెలో ఇమిడేవి చివరికి రెండు తేలాయి. రెంటికీ నెత్తిన గింజలు పోసే గిన్నె, లోపల గ్రైండరు ఉన్నాయి. రెంటికీ నీళ్ళ తొట్టి పక్కనుంచి వస్తుంది. ఒకదానిలో మీట నొక్కితే అన్నీ అదే చేసుకుంటుంది. రెండోదానిలో పొడిని పిడి ఉన్న గిన్నెలోకి పట్టి, చేత్తో గట్టిగా అదిమి, మెషిన్‌కి బిగించాలి. అమ్మాయి రెంటిలోనూ కాఫీ దించి, పాలు కలిపి, రెండు బుల్లి కప్పులు ఆమె ముందు పెట్టింది.

"ఇదా మేడమ్? ఇదా? ఏది బావుంది?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా ఎక్కువైంది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను జనాన్ని అడిగేది ఇదే మాట. ఇలా రెండూ ముందు పెట్టి నన్ను అడిగినవాళ్ళు లేరు."

రెండూ రుచి చూసింది. "రెండూ ఒకేలా ఉన్నాయి" అంది, ఇబ్బందిగా.

"తొందరేం లేదమ్మా. కళ్ళు మూసుకుని మళ్ళీ చూడు" అంది కూతురు, తల్లి గొంతునే అనుకరిస్తూ. మాస్టారు ఏదో చెప్పబోయాడు. కూతురు అట్టపెట్టె ఆయన చేతుల్లో పెట్టి "ఇది పట్టుకోండి నాన్నా" అంది. ఆయన పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. మొదటిది వెచ్చగా, నున్నగా, మరిచిపోయేలా ఉంది. రెండోది ముందు నాలుకను చురుక్కుమనిపించింది. తర్వాత మాడీ మాడని పంచదార వాసన ముక్కుదాకా వచ్చింది. మింగాక కూడా అది పోలేదు. పాలు దాన్ని కప్పేస్తున్నాయేమోనని ఆమెకు అనుమానం వచ్చింది.

"ఇదే, పాలు లేకుండా ఒకటి ఇస్తావా అమ్మా?"

ఇచ్చింది. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుని తాగింది.

"ఇది" అంది కళ్ళు తెరిచి. "చేత్తో చేసుకునేది. పాలు వద్దు. ఇంకాస్త చిక్కగా ఉంటే ఇంకా బావుంటుంది."

మాస్టారు ఇక ఉండబట్టలేకపోయాడు. "దీనికి చాకిరీ ఎక్కువే. పొడి అదమాలి, పిప్పి తీసెయ్యాలి, కడగాలి. అదైతే మీట నొక్కితే చాలు కదా?"

"ఏమండీ, అది మీ కాఫీలా ఉంది. ఇది నా కాఫీలా ఉంది."

ఆయన భార్య మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత దుకాణం అమ్మాయి వైపు తిరిగి, అంతా తనే తేల్చినవాడిలా గంభీరంగా "ఇదే ప్యాక్ చేసెయ్యమ్మా" అన్నాడు.

ఇంట్లో మొదటి కప్పు పారబోయాల్సి వచ్చింది. పొడి బరకగా పడి, నీళ్ళు దానిలోంచి జారిపోయి, పుల్లటి రంగునీళ్ళు మిగిలాయి. గ్రైండరు పక్కనున్న చక్రాన్ని తిప్పితే పొడి మరీ మెత్తనై, కాఫీ చుక్కా చుక్కా ఏడ్చింది, చేదు విషం. మాస్టారు భుజం వెనక నిలబడి "కుడికి, కుడికి తిప్పు! ఎక్కువైంది, వెనక్కి!" అంటుంటే ఆమె తిరిగి చూడకుండానే "మీరు వెనక సీట్లో కూర్చోండి" అంది. ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

ఆమె విసుక్కోలేదు. చక్రాన్ని ఒక్కొక్క గీతే జరుపుతూ, చేసి, తాగి, మళ్ళీ జరిపింది. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో పొద్దున, పనికి వేళవుతుండగా, కాఫీ తేనెలా సన్నటి ధారగా దిగింది. పైన గోధుమరంగు నురగ తేలింది. ఆమె సింకు దగ్గరే నిలబడి తాగింది.

"ఎలా ఉందమ్మా?" అంది కూతురు, చెయ్యి చాస్తూ.

"ఎవరికీ ఇవ్వను" అంది ఆమె.

పాలు నురగెత్తించే ఆవిరి గొట్టం మాత్రం మాస్టారి సొత్తయింది. మొదట్లో పాలు గోడకెక్కాయి గానీ, తర్వాత చెయ్యి కుదిరింది. ఆయన తన కప్పు కోసం చక్రాన్ని బరక వైపు తిప్పేసి, తిరిగి జరపడం మరిచిపోయేవాడు. రెండుసార్లు గొడవయ్యాక కూతురు గోళ్ళరంగు తెచ్చి చక్రం మీద అమ్మకి ఎర్ర చుక్క, నాన్నకి నీలం చుక్క పెట్టింది.

ఇప్పుడు నెలకోసారి గింజలు కొనడానికి వెళ్తారు. మాస్టారు దుకాణం బయట కారులో కూర్చుంటాడు. ఆమె లోపల ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూస్తుంది. మళ్ళీ మొదటి డబ్బా దగ్గరికి వస్తుంది. మొన్న ఆయన హారన్ కొట్టి కొట్టి విసిగి, కూతురికి ఫోన్ చేశాడు.

"మీ అమ్మ ఇంకా రాలేదే. ఎంతసేపని?"

"ఎన్నో డబ్బా దగ్గరుంది?"

ఆయన అద్దంలోంచి తొంగిచూశాడు. "మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చింది."

"అయితే ఇంజన్ ఆపేసి కూర్చోండి నాన్నా" అంది కూతురు.